గర్భిణులకు సూచించిన ఔషధాలు: అడగని ప్రశ్న నుంచి చేరని హెచ్చరిక దాకా

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్దంలో వైద్యులు నమ్మకంతో సూచించగా గర్భిణులు అంతే నమ్మకంతో వాడిన కొన్ని ఔషధాలు పుట్టబోయే బిడ్డలకు తీరని హాని చేశాయి. థాలిడోమైడ్, డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్, వాల్‌ప్రోయేట్‌లు వీటిలో ముఖ్యమైనవి. హార్మోన్ గర్భనిర్ధారణ మాత్రల విషయంలో హాని గురించిన అనుమానం ఇప్పటికీ వివాదంగానే ఉంది. ఈ నాలుగు ఉదంతాలను ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. వీటిని సాధారణంగా విజ్ఞానశాస్త్రపు అజ్ఞానానికి ఉదాహరణలుగా చెబుతారు. నిజానికి అజ్ఞానం వీటిలో ఒక భాగం మాత్రమే. ఒకచోట ప్రశ్న అడగలేదు, ఒకచోట వచ్చిన సమాధానం వినలేదు, ఒకచోట ఇచ్చిన ఉత్తర్వు అమలు కాలేదు, మరొకచోట తెలిసిన హెచ్చరిక తల్లికి చేరలేదు. ఈ నాలుగో లోపం భాషకు సంబంధించినది కూడా అని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గర్భిణి, పిండం, మాయ, థాలిడోమైడ్, వాల్‌ప్రోయేట్, ఔషధ నియంత్రణ, హెచ్చరిక, తెలుగు.

1. ప్రవేశిక

తెలుగునాట నెల తప్పిన స్త్రీ ఏమి తినాలో, ఏమి తినకూడదో చెప్పని ఇల్లు ఉండదు. బొప్పాయి వద్దంటారు, వేడిచేసే పదార్థాలు వద్దంటారు. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో గర్భిణి పాటించవలసిన ఆహారవిహారాలు నెలలవారీగా కనిపిస్తాయి. ఈ జాగ్రత్తలలో శాస్త్రపరీక్షకు నిలిచేవి కొన్ని, నిలవనివి కొన్ని. వాటన్నిటి వెనుక ఉన్న భావన మాత్రం ఒక్కటే: తల్లి లోపలికి తీసుకున్నది బిడ్డను తాకుతుంది.

ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో ఆధునిక వైద్యులలో చాలామంది దీనికి భిన్నమైన నమ్మకంతో ఉండేవారు. తల్లికీ పిండానికీ మధ్య ఉండే మాయ ఒక అడ్డుగోడ వంటిదనీ, తల్లిని చంపేంత తీవ్రమైన విషమైతే తప్ప మరేదీ దాన్ని సులభంగా దాటలేదనీ భావించేవారు. ఆ నమ్మకాన్ని సడలించే ఆధారాలు అప్పటికే ఉన్నాయి. గర్భం తొలినెలల్లో రుబెల్లా జ్వరం వచ్చిన తల్లుల పిల్లలకు పుట్టుకతోనే కంటిశుక్లాలు ఉండటాన్ని సిడ్నీ నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో గుర్తించాడు. అమినోప్టెరిన్ అనే మందు పిండాన్ని దెబ్బతీస్తుందని 1952లో వెల్లడైంది. అయినా కొత్తమందు విపణిలోకి తెచ్చేముందు గర్భిణి విషయం ప్రత్యేకంగా పరీక్షించాలన్న నియమం ఏర్పడలేదు. ఈ చరిత్ర ఇక్కడి నుంచే మొదలవుతుంది.

2. అడగని ప్రశ్న: థాలిడోమైడ్

పశ్చిమ జర్మనీలోని స్టోల్‌బర్గ్‌కు చెందిన కెమీ గ్రునెంథాల్ సంస్థ థాలిడోమైడ్‌ను 1957 అక్టోబరు 1న ‘కాంటెర్గాన్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. అది నిద్రమాత్ర. ఎక్కువ మోతాదులో మింగినా ప్రాణం పోదన్నది దాని ప్రధాన ఆకర్షణ. జర్మనీలో వైద్యుని చీటీ లేకుండానే దొరికేది. బ్రిటన్‌లో 1958లో ‘డిస్టవాల్’ పేరుతో వచ్చింది. వేవిళ్ళతో బాధపడే గర్భిణులకూ, నిద్రపట్టని గర్భిణులకూ వైద్యులు దీన్ని సూచించారు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఇది సురక్షితమని ఉత్పత్తిదారులు ప్రచారం చేశారు. ఆ మాట చెప్పడానికి ముందు గర్భంతో ఉన్న జంతువులపై పరీక్ష జరగలేదు. మందు విపణిలోకి రాకముందే, 1956 డిసెంబరు 25న, ఆ సంస్థ ఉద్యోగి ఒకరికి చెవులు లేని ఆడపిల్ల పుట్టింది. మందుకూ ఆ పుట్టుకకూ ఉన్న సంబంధం అప్పుడు ఎవరికీ తోచలేదు.

తొలి అనుమానం గర్భిణుల గురించి కాక నరాల గురించి వచ్చింది. దీర్ఘకాలం వాడినవారికి చేతులూ పాదాలూ తిమ్మిరెక్కుతున్నాయని స్కాట్లండ్ వైద్యుడు లెస్లీ ఫ్లోరెన్స్ 1960 డిసెంబరు 31 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లేఖ రాశాడు. ఇక పిల్లల విషయంలో ప్రశ్న ఒక కుటుంబం నుంచి వచ్చింది. తన కొడుకూ, తన సోదరి కూతురూ కొద్దివారాల తేడాతో చేతులు ఎదగని స్థితిలో పుట్టడం చూసిన ఒక జర్మన్ న్యాయవాది హాంబర్గ్ శిశువైద్యుడు విడుకిండ్ లెంజ్‌ను కలిశాడు. లెంజ్ తల్లులను ఒక్కొక్కరినే కలిసి, వారు వాడిన మందుల గురించి అడిగి తెలుసుకున్నాడు. 1961 నవంబరు 15న తయారీసంస్థకు ఫోన్ చేసి హెచ్చరించాడు. పత్రికలో వార్త రావడంతో ఆ నెలాఖరుకు జర్మనీలో మందు వెనక్కి తీసుకున్నారు. సిడ్నీ ప్రసూతివైద్యుడు విలియం మెక్‌బ్రైడ్ లేఖ 1961 డిసెంబరు 16న లాన్సెట్‌లో అచ్చయింది. కెనడాలో 1962 మార్చి దాకా, జపాన్‌లో 1962 సెప్టెంబరు దాకా అమ్మకం ఆగలేదు.

ఈ మందు 46 దేశాలలో అమ్ముడైంది. 10,000కు పైగా పిల్లలు వైకల్యాలతో పుట్టారని అంచనా. వారిలో సుమారు 40 శాతం మంది పసితనంలోనే చనిపోయారు. చివరి బహిష్టు తేదీ నుంచి లెక్కిస్తే దాదాపు 34వ రోజు నుంచి 50వ రోజు వరకు పిండానికి ఈ మందు వల్ల ప్రమాదం. ఈ వ్యవధి తెలుగువారు ‘నెల తప్పడం’ అని చెప్పుకొనే ఘడియ దాటిన కొద్దిరోజులకే మొదలై, చాలామంది స్త్రీలకు గర్భం రూఢి అయ్యేలోపే ముగుస్తుంది. ఈ విషయాన్ని వ్యాసం చివరలో మళ్ళీ ప్రస్తావించవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగితే ఏమవుతుందో అమెరికా అనుభవం చూపింది. రిచర్డ్‌సన్-మెరెల్ సంస్థ 1960 సెప్టెంబరులో ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థకు దరఖాస్తు చేసింది. దాన్ని పరిశీలించే బాధ్యత కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫ్రాన్సిస్ ఓల్డ్‌హమ్ కెల్సీకి దక్కింది. సమర్పించిన ఆధారాలు చాలవని ఆమె పదేపదే తిప్పి పంపింది. నరాల జబ్బు గురించిన లేఖ చదివాక, పెద్దవారి నరాలకు హాని చేసేది పిండానికి ఏమి చేస్తుందని 1961లో ప్రశ్నించింది. ఆ ప్రశ్నకు సంస్థ దగ్గర సమాధానం లేదు. అక్కడ అనుమతి రాలేదు. అయినా పరిశోధన పేరుతో 1,200 మందికి పైగా వైద్యులకు మాత్రలు పంపిణీ అయ్యాయి, అమెరికాలోనూ కొందరు పిల్లలు బాధితులయ్యారు. 1962 అక్టోబరు 10న అధ్యక్షుడు కెనడీ సంతకంతో కెఫావర్-హారిస్ సవరణలు చట్టమయ్యాయి. మందు పనిచేస్తుందని విక్రయానికి ముందే తయారీదారు నిరూపించాలన్న నియమం అప్పుడు వచ్చింది. బ్రిటన్‌లో వైద్యులు దుష్ఫలితాలను నివేదించే ‘పసుపు కార్డు’ పద్ధతి 1964లోనూ, ఔషధ చట్టం 1968లోనూ ఏర్పడ్డాయి. గ్రునెంథాల్ బాధితులకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2012 ఆగస్టులో. అప్పటికి 50 ఏళ్ళు గడిచాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జంతుపరీక్ష జరిగి ఉంటే ప్రమాదం తప్పేదని నిశ్చయంగా చెప్పలేం. ఎలుకల పిల్లల్లో ఈ వైకల్యాలు తేలికగా కనిపించవు. ఒక జాతి తెల్లకుందేళ్ళలో అవి కనిపించాయని 1962లో తేలింది. కనుక తప్పు పరీక్ష విఫలం కావడంలో లేదు. పరీక్ష లేకుండానే ‘సురక్షితం’ అన్న మాట వాడటంలో ఉంది. హాని కనబడలేదనడం వేరు, హాని లేదనడం వేరు.

3. వినని సమాధానం: డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్

థాలిడోమైడ్ విషయంలో ప్రశ్న అడగలేదు. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ విషయంలో ప్రశ్న అడిగారు, సమాధానమూ వచ్చింది. దాన్ని పాటించలేదు.

ఈ కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసింది. దానికి పేటెంటు లేకపోవడంతో ఎన్నో కంపెనీలు చౌకగా ఉత్పత్తి చేశాయి. గర్భస్రావాలను నివారిస్తుందన్న నమ్మకంతో అమెరికాలో 1947లో గర్భిణులకు వాడటానికి అనుమతి వచ్చింది. బోస్టన్‌కు చెందిన జార్జ్ స్మిత్, ఆలివ్ స్మిత్ దంపతుల పరిశోధనలు ఆ నమ్మకాన్ని బలపరిచాయి. ఆ పరిశోధనలలో మందు వాడనివారితో సరైన పోలిక లేదు. 1953లో చికాగోలో విలియం డీక్‌మన్ బృందం సుమారు 1,600 మంది గర్భిణులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మందు, మరో వర్గానికి మందు లేని మాత్ర ఇచ్చి చూసింది. గర్భస్రావాలను ఈ మందు తగ్గించడం లేదని స్పష్టమైంది.

ఆ ఫలితం వెలువడిన తర్వాత కూడా మరో 18 ఏళ్ళపాటు వైద్యులు ఈ మందు రాస్తూనే ఉన్నారు. ప్రయోజనం లేదని తెలిసిన తర్వాత ఏ చిన్న ప్రమాదమూ సమర్థనీయం కాదు. ప్రమాదం చిన్నది కూడా కాదు. 1971 ఏప్రిల్‌లో ఆర్థర్ హర్బ్‌స్ట్, హోవర్డ్ అల్‌ఫెల్డర్, డేవిడ్ పోస్కాంజర్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన వ్యాసం 8 మంది యువతులకు వచ్చిన అరుదైన యోని క్యాన్సరును పరిశీలించింది. వారిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడారు. పోలికకు తీసుకున్న 32 మంది తల్లులలో ఒక్కరూ వాడలేదు. ఆ కోణం వైద్యులకు తట్టడానికి కారణం ఒక రోగి తల్లి. తాను వాడిన ఆ మందుకూ కూతురి జబ్బుకూ సంబంధం ఉందా అని ఆమే అల్‌ఫెల్డర్‌ను అడిగింది. హాంబర్గ్‌లో ఒక తండ్రి అడిగినట్టే, ఇక్కడ ఒక తల్లి అడిగింది.

థాలిడోమైడ్ హాని పుట్టిన క్షణంలోనే కనిపించింది. ఈ మందు హాని బిడ్డ యుక్తవయసుకు వచ్చేదాకా దాగి ఉంది. ‘బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది కనుక మందు మంచిదే’ అన్న వాదన చెల్లదని దీనివల్ల తెలిసింది.

4. అమలుకాని ఉత్తర్వు: హార్మోన్ గర్భనిర్ధారణ మాత్రలు

ఇంట్లోనే మూత్రపరీక్షతో గర్భం తెలుసుకొనే సౌకర్యం లేని కాలంలో, ఎక్కువ మోతాదు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ కలిసిన మాత్రలను వైద్యులు గర్భనిర్ధారణకు ఇచ్చేవారు. మాత్ర వేసుకున్న కొద్దిరోజుల్లో బహిష్టు వస్తే గర్భం లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. బ్రిటన్‌లో 1950ల చివరి నుంచి వాడిన ‘ప్రిమొడాస్’ ఇటువంటిది. ఈ మాత్రలకూ వెన్నుచీలికతో పుట్టిన పిల్లలకూ సంబంధం ఉండవచ్చని వైద్యురాలు ఇసబెల్ గాల్ 1967లో నేచర్ పత్రికలో రాసింది. బ్రిటన్ ఔషధ సంఘం వైద్యులకు హెచ్చరిక పంపింది 1975లో. 1978లో ఆ మందు విపణి నుంచి తొలగింది.

ఈ మాత్రలే వైకల్యాలకు కారణమా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం నేటికీ లేదు. బ్రిటన్ నిపుణుల బృందం 2017లో ఆధారాలు చాలవన్నది. తర్వాతి విశ్లేషణలు సంబంధం ఉందన్నాయి. జూలియా కంబర్లెజ్ నాయకత్వంలోని సమీక్ష 2020లో ఈ చర్చను మరో దిక్కు నుంచి చూసింది. అనుమానం బయటపడిన 1967 నుంచే ఈ మాత్రలను తొలగించి ఉండవలసిందన్నది. గర్భం తెలుసుకోవడానికి పిండానికి మందు పంపనక్కరలేని పరీక్షలు అప్పటికే అందుబాటులోకి వచ్చాయి. అవసరం లేనిచోట అనుమానమే ఆపడానికి చాలిన కారణం.

ఈ ఉదంతంలో భారతదేశపు భాగం ప్రత్యేకమైనది. ఇక్కడ ఈ మాత్రలను గర్భనిర్ధారణకే కాక, గర్భం పోతుందన్న అపోహతో కూడా విరివిగా వాడారు. ఔషధ నియంత్రణాధికారి 1982లో నిషేధపుటుత్తర్వు జారీచేశారు. ఉత్పత్తిదారులు హైకోర్టుల నుంచి స్టే తెచ్చుకున్నారు. అదే ఏడాది ఔషధాలు, సౌందర్యసాధనాల చట్టానికి చేసిన సవరణ 26ఎ సెక్షను ద్వారా ప్రజాప్రయోజనం కోసం మందు తయారీని నిషేధించే అధికారాన్ని కేంద్రప్రభుత్వానికి ఇచ్చింది. మహిళాసంఘాలూ ఆరోగ్య కార్యకర్తలూ ఉద్యమించారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1987లో బహిరంగ విచారణలు జరిగాయి. 1988లో నిషేధం వచ్చింది. ఉత్తర్వుకూ అమలుకూ మధ్య ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో మాత్రలు మందుల దుకాణాలలో దొరుకుతూనే ఉన్నాయి. నష్టం రుజువయ్యేదాకా అమ్మవచ్చన్న తర్కంలో సందేహపు ఫలం వ్యాపారికి దక్కింది, గర్భస్థ శిశువుకు దక్కలేదు.

5. చేరని హెచ్చరిక: వాల్‌ప్రోయేట్

నాలుగో ఉదాహరణ అన్నిటికంటే క్లిష్టమైనది. ఇక్కడ మందు అవసరమైనది, ప్రాణాలు కాపాడేది. వాల్‌ప్రోయేట్ మూర్ఛను అణచగలదని 1960ల ఆరంభంలో ఫ్రాన్స్‌లో బయటపడింది. 1967 నుంచి అక్కడ వాడుకలోకి వచ్చింది. కొన్నిరకాల మూర్ఛలకు దీనికి సాటివచ్చే మందు లేదు. 1982లో లియాన్‌కు చెందిన ఎలిజబెత్ రాబర్ట్ ఈ మందు వాడిన తల్లుల పిల్లలలో వెన్నుచీలిక ఎక్కువగా ఉన్నట్టు గుర్తించింది. తర్వాతి పరిశోధనలు మరింత తేల్చాయి. గర్భంలో ఈ మందు తాకిడికి గురైన ప్రతి 100 మంది పిల్లలలో దాదాపు 10 మందికి శారీరక వైకల్యాలు, 30 నుంచి 40 మందికి మాట, నడక, బుద్ధివికాసాలలో జాప్యం ఉంటాయని ఐరోపా ఔషధ సంస్థ పేర్కొన్నది. సాధారణ జనాభాలో శారీరక వైకల్యాల రేటు 100కు 2 నుంచి 3 మాత్రమే.

శాస్త్రపత్రికలలో ఈ విషయం తెలిసినప్పటికీ, మందు వాడుతున్న స్త్రీలలో చాలామందికి తెలియలేదు. ఫ్రాన్స్, బ్రిటన్‌లలో తల్లులు సంఘాలుగా ఏర్పడి అడిగిన ప్రశ్న ఒకటే: తెలిసినవారు మాకెందుకు చెప్పలేదు? 2017 సెప్టెంబరు 26న ఐరోపా ఔషధ సంస్థ తన చరిత్రలో మొదటి బహిరంగ విచారణ జరిపింది ఈ మందు గురించే. 2018లో కఠిన నియమాలు వచ్చాయి. గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీకి ప్రత్యామ్నాయం లేనప్పుడు మాత్రమే, గర్భనిరోధం పాటిస్తూ, ప్రమాదాన్ని ఏటా వివరించి ఈ మందు ఇవ్వాలన్నది వాటి సారాంశం.

ఇందులోంచి తప్పు పాఠం తీసుకోకూడదు. మూర్ఛమందు హఠాత్తుగా మానేస్తే వచ్చే ఫిట్లు తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కాగలవు. మందు మార్చవలసింది వైద్యుని పర్యవేక్షణలో, వీలైతే గర్భానికి ముందే. కాబట్టి హెచ్చరిక ఉద్దేశం మందు మాన్పించడం కాదు, నిర్ణయం తీసుకొనేవారికి తగిన సమయంలో తగిన సమాచారం ఇవ్వడం.

6. భయం చేసిన కీడు

ప్రమాదాల వల్ల నియమాలే కాక భయమూ పెరిగింది. గర్భం దాల్చే అవకాశం ఉన్న స్త్రీలను తొలిదశ ఔషధపరీక్షల నుంచి మినహాయించాలని అమెరికా ఔషధ సంస్థ 1977లో మార్గదర్శకం ఇచ్చింది. దాన్ని 1993లో సడలించారు. రక్షణ పేరుతో చేసిన ఈ మినహాయింపు మరో ఫలితాన్నిచ్చింది. పరీక్షలలో గర్భిణులు లేరు కనుక, వారికి మందు ఎంత మోతాదులో, ఎంత క్షేమమో తెలిసే దారి మూసుకుపోయింది. గర్భిణులకు మాత్రం జబ్బులు ఆగలేదు, మందుల అవసరమూ తప్పలేదు.

భయం ఎంత దూరం వెళ్ళగలదో ‘బెండెక్టిన్’ చెబుతుంది. వేవిళ్ళకు వాడే డాక్సిలమిన్, పిరిడాక్సిన్ కలిసిన ఈ మాత్రపై వరుసగా దావాలు పడటంతో తయారీసంస్థ 1983లో అమ్మకం ఆపేసింది. వైకల్యాలకు ఇది కారణమన్న ఆధారం పరిశోధనలలో దొరకలేదు. దీనిపై ఆరోపణలు చేసినవారిలో థాలిడోమైడ్ హెచ్చరికతో కీర్తి పొందిన మెక్‌బ్రైడ్ ఉన్నాడు. ఆయన ఈ కోవలోని ఒక ప్రయోగపు వివరాలను వక్రీకరించినట్టు తేలి, 1993లో వైద్యవృత్తి అనుమతిని కోల్పోయాడు. అవే రెండు పదార్థాల మాత్రకు అమెరికాలో 2013లో మళ్ళీ అనుమతి వచ్చింది. భారతదేశంలోనూ వేవిళ్ళకు వైద్యులు సాధారణంగా రాసే మందు ఇదే. నిరాధారమైన ధైర్యం ఎంత ప్రమాదమో, నిరాధారమైన భయమూ అంతే ప్రమాదమని ఈ రెండు కథలూ కలిపి చదివితే అర్థమవుతుంది.

7. తెలుగు సందర్భం

భారతదేశంలో ఔషధ నియంత్రణ వ్యవస్థ లేదనడం సరికాదు. 1945 నాటి ఔషధ నియమాలలోని షెడ్యూల్ హెచ్ ప్రకారం కొన్ని మందులు వైద్యుని చీటీ మీదనే అమ్మాలి. మూర్ఛవ్యాధి ఉన్న గర్భిణుల వివరాలను నమోదు చేసే కేంద్రం తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో 1998 నుంచి పనిచేస్తున్నది. దుష్ఫలితాలను సేకరించే జాతీయ కార్యక్రమం 2010లో ప్రారంభమైంది. కాబట్టి ప్రశ్న అడిగే, సమాధానం వినే యంత్రాంగం కొంత ఏర్పడింది. మిగిలింది నాలుగో లంకె: హెచ్చరిక స్త్రీకి చేరడం.

తెలుగు రాష్ట్రాలలో మందుపెట్టెపై ఎర్రగీత పక్కన ఉండే హెచ్చరికా, లోపలి మడతకాగితమూ ఎక్కువగా ఆంగ్లంలోనే ఉంటాయి. మాత్రలను విడిగా కత్తిరించి అమ్మినప్పుడు ఆ కాగితం కూడా చేతికి రాదు. చదువుకున్న కుటుంబాలలోనూ ‘టెరటోజెనిక్’ అన్న మాట అర్థమయ్యేవారు అరుదు. ‘పిండానికి హాని చేసే మందు’ అంటే అక్షరం రాని స్త్రీకి కూడా బోధపడుతుంది.

కాలం కూడా ముఖ్యం. గర్భిణులను 12 వారాలలోపు నమోదు చేస్తే సకాలంలో చేసినట్టు ప్రభుత్వ వైద్యవ్యవస్థ పరిగణిస్తుంది. థాలిడోమైడ్ వంటి మందు హాని చేసే 34 నుంచి 50 రోజుల వ్యవధి అప్పటికే గడిచిపోతుంది. వెన్నుపాముకు మూలమైన నాడీనాళం మూసుకోవడం కూడా ఆ వ్యవధిలోనే పూర్తవుతుంది. కనుక ‘గర్భం వచ్చాక చెబుదాం’ అన్న పద్ధతి చాలదు. మూర్ఛకు, మొటిమలకు, రక్తపోటుకు మందు రాసిన రోజునే, నెల తప్పితే ఏమి చేయాలో ఆమెకు తన భాషలో చెప్పాలి. పరిభాషను తెలుగులో నిర్మించే విశ్వవిద్యాలయ తెలుగుశాఖలకూ, ప్రజలతో నేరుగా మాట్లాడే ఆశా కార్యకర్తలకూ మధ్య ఈ విషయంలో కలిసి చేయవలసిన పని ఉంది.

8. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు:

1. మాయ రక్షణకవచమన్న నమ్మకం థాలిడోమైడ్‌ను గర్భిణుల దాకా తెచ్చింది. పరీక్ష లేని ‘సురక్షితం’ అన్న మాట దాన్ని వ్యాపింపజేసింది.

2. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ విషయంలో 1953 నాటి స్పష్టమైన సమాధానాన్ని 1971 దాకా వైద్యలోకం పాటించలేదు.

3. హార్మోన్ మాత్రల విషయంలో భారతదేశంలో నిషేధపుటుత్తర్వు ఆరేళ్ళు కోర్టులలో నిలిచిపోయింది.

4. వాల్‌ప్రోయేట్ విషయంలో విజ్ఞానం ఉంది, అది వాడేవారికి చేరలేదు.

5. గర్భిణులను పరీక్షలకు దూరంగా ఉంచడం, ఆధారం లేని భయంతో మంచిమందును తొలగించడం సమస్యను తీర్చలేదు.

ఈ ఉదంతాలలో పలుచోట్ల మొదటి ప్రశ్న ఇంటి నుంచి వచ్చింది. హాంబర్గ్‌లో ఒక తండ్రి, బోస్టన్‌లో ఒక తల్లి, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో తల్లుల సంఘాలు అడిగిన తర్వాతే వ్యవస్థలు కదిలాయి. ప్రశ్న అడగాలంటే విషయం తెలియాలి, తెలియాలంటే అది తెలిసిన భాషలో ఉండాలి. గర్భిణికి సంబంధించిన ఔషధ హెచ్చరికలు తెలుగులో రావడం భాషాభిమానానికి సంబంధించిన కోరిక మాత్రమే కాదు, ఈ చరిత్ర విధించిన బాధ్యత.